మెణికే అక్క చేతి ఉప్పు

మా ల్యాబులో ప్రొఫెసర్ మేడమ్‌కి ఎవరూ భయపడరు. అందరూ భయపడేది రన్ మెణికే అక్కకి. హోదాకి ఆమె అటెండర్. ఇరవై ఆరేళ్ళుగా పాత ఫ్రీజర్ తాళంచెవి ఆమె నడుముకే వేలాడుతోంది. ఎవరైనా ఫ్రీజర్ తలుపు తీస్తే వెనకాల నిలబడి పైకి లెక్కపెడుతుంది. పది దాటిందా, వీపు మీద ఒకటి పడుతుంది. ఆ దెబ్బలు నాకు చాలానే పడ్డాయి, డాక్టరేట్లు ఉన్నవాళ్ళకి కూడా పడ్డాయని తెలిసి మనసు కాస్త కుదుటపడింది.

ఫ్రీజర్‌లో ఉన్నది సుదూ ఇచ్చిన సొత్తు. సుదూ ఒక తెల్ల కుందేలు. దానికి కుణకటువా పాము విషాన్ని చుక్క చుక్కగా అలవాటు చేస్తే, దాని రక్తంలో ఆ విషాన్ని గుర్తుపట్టే యాంటీబాడీ తయారైంది. పాము కరిచిన మనిషి రక్తం తెచ్చి పరీక్షిస్తే, కరిచింది కుణకటువా అయితే కాగితం మీద నల్ల గీత పడుతుంది, కాకపోతే పడదు. ఈ శ్రీలంక కొండల్లో మిరియాలు కోసేవాళ్ళకి ఆ గీత ఎంత అవసరమో మెణికే అక్కకి తెలిసినంతగా మా మేడమ్‌కి కూడా తెలియదు.

ఎందుకంటే ఆమె భర్త టికిరి బండా ఒకసారి మిరియాలు కోస్తూ కాటు తిన్నాడు. "రక్తపింజర! నా తొడంత ఉంది!" అని ఆసుపత్రిలో ప్రమాణం చేసి చెప్పాడు. పాపం డాక్టర్లు నమ్మి రక్తపింజర విరుగుడు మందే ఎక్కించారు. అది పడక ఒళ్ళంతా వాచి, పద్నాలుగు రోజులు చావు బతుకుల్లో ఉన్నాడు. తర్వాత మిరియాల బుట్ట కింద అక్కకి దొరికింది జానెడు కుణకటువా.

"జానెడు!" అంటుంది ఇప్పటికీ. "దాన్ని తొడంత అని చెప్పాడు, వెధవ కళ్ళు. ఆ పద్నాలుగు రోజులూ నేను తిన్న తిండి నాకు గుర్తులేదు తమ్ముడూ."

అందుకే సుదూ రక్తంలోంచి తీసిన ఆ పరీక్ష మందు విషయంలో ఆమె నియమాలు కఠినం. ఒక్కో పరీక్షకి సరిపోయేంతే చిన్న చిన్న గొట్టాల్లో పోసి పెట్టాలి. ఒకసారి కరిగింది మళ్ళీ గడ్డకట్టకూడదు. పేరు పెన్సిలుతోనే రాయాలి, సిరా మంచుకి కారిపోతుంది. కలపాలంటే మెల్లగా తిప్పాలి. నేను మొదటిరోజు గొట్టాన్ని గట్టిగా ఊపితే, "అది కొబ్బరికాయ కాదు నౌషాద్, నీళ్ళున్నాయో లేదో చూడ్డానికి!" అని కేకేసింది. చదివింది ఎనిమిదో తరగతి. కానీ మేడమ్ కూడా ఆమె మాట దాటి ఒక్కసారే నడిచారు.

ఆ ఒక్కసారి రెండేళ్ళ కిందట జరిగింది. మేడమ్ మంచు పేరుకోని కొత్త ఫ్రీజర్ కొన్నారు. తళతళలాడుతోంది. అక్క దాని చుట్టూ రెండుసార్లు తిరిగింది.

"మంచు తనంతట తనే ఎలా పోతుంది మేడమ్?"

"అదే దాని గొప్ప, మెణికే. గీకే పని లేదు."

"లోపల కాసేపు వెచ్చబడితేనే కదా మంచు పోయేది? మరి అప్పుడు మన మందు ఏం చేస్తుంది, కళ్ళు మూసుకుంటుందా?"

మేడమ్ నవ్వేశారు. గొట్టాలన్నీ కొత్తదాంట్లోకి మారాయి. ఆరు నెలలకి నల్ల గీత బూడిద రంగుకి వచ్చింది, ఆ తర్వాత భూతద్దం పెట్టినా కనిపించలేదు. అప్పటికి సుదూ చచ్చిపోయింది. మేడమ్ తల పట్టుకుని కూర్చుంటే, అక్క పాత ఫ్రీజర్ తెరిచి, చెయ్యి మందం మంచుని స్క్రూడ్రైవర్‌తో పగలగొట్టి, ఒక డబ్బా తీసింది. అందులో పన్నెండు గొట్టాలు.

"దొంగతనం చేశాను మేడమ్. ఉద్యోగం తీసేస్తే తీసేయండి."

మేడమ్ లేచి ఆమెని కావలించుకున్నారు. కొత్త ఫ్రీజర్ టీ గదికి వెళ్ళింది, అందులో ఇప్పుడు ఐస్‌క్రీమ్ ఉంటుంది. లోకంలో మిగిలిన మందల్లా ఆ పన్నెండు గొట్టాలు.

ఇక అసలు సంగతి. నిరుడు సింహళ కొత్త సంవత్సరం రోజున అందరూ ఇళ్ళకి వెళ్ళారు. మేడమ్ కొలంబోలో ఉన్నారు. ముస్లింని కాబట్టి కాపలా నాకు పడింది. పదకొండు గంటలకి పాత ఫ్రీజర్ ఒక్కసారి దగ్గి ఆగిపోయింది. తట్టాను, తన్నాను, మళ్ళీ మొదలవలేదు. అక్కకి ఫోన్ చేశాను.

"తలుపు తెరిచావా?"

"మూడుసార్లే అక్కా. చల్లగా ఉందో లేదో అని."

అవతల ఆమె తిట్టిన తిట్టు పండగ పూట తిట్టాల్సింది కాదు.

"టీ గది ఫ్రీజర్‌లో పెట్టనా?"

"పెట్టు. పెట్టి, నువ్వు కూడా అందులోనే దూరి తలుపేసుకో!"

పక్క వెటర్నరీ విభాగం వాళ్ళ డీప్ ఫ్రీజర్ ఉంది, కానీ తాళం స్టోర్ కీపర్ దగ్గర ఉంది. అతను సాయంత్రం పొయ్యి వెలిగించే ముహూర్తం అయ్యేదాకా గడప దాటడు. అది నొనగతె సమయం మరి. పాత ఏడు పోయి కొత్త ఏడు వచ్చే ఆ సంధిలో సింహళీయులు పని ముట్టరు, పొయ్యి వెలిగించరు, తినరు. గుడికి వెళ్ళొచ్చు, ఊరికే కూర్చోవచ్చు. మెణికే అక్క అయితే నేల మీద పడ్డ పుల్ల కూడా ఎత్తదు. ఒక ఏడు నొనగతెలో టికిరి బండా గోళ్ళు కత్తిరించుకున్నాడట. పాము కరిచింది ఆ ఏడే.

అయినా అరగంటలో ఆటో దిగింది. పండగ చీర కట్టుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, ల్యాబు గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"నేను గుడికి వెళ్తూ ఇటొచ్చాను. పని చెయ్యను. చెప్తాను, నువ్వు చెయ్యి. మీ మామ చేపల కొట్టు తెరిచే ఉంటుందిగా? ఐసూ ఉప్పూ తే. ఐసులో ఉప్పు కలిపితే మన ఫ్రీజర్ అంత చల్లబడుతుంది."

బస్తాడు ఐసు, పది కిలోల ఉప్పు, తోరా అనే సముద్రపు చేపలు పెట్టే ఖాళీ పెట్టె తెచ్చాను. వాసనకి కళ్ళు తిరిగాయి. ఐసు నలగ్గొట్టి, ఉప్పు కలిపి, మధ్యలో పన్నెండు గొట్టాల డబ్బా పెట్టి, థర్మామీటర్ గుచ్చాను. సున్నాకి పద్దెనిమిది కింద. అక్క గుమ్మంలో స్టూల్ మీద కూర్చుని బుద్ధుడి గాథలు చదువుకుంటూ, మధ్యమధ్య ఆపి, "ఎడం పక్క ఉప్పు తక్కువైంది, గుడ్డివాడా!" అని మళ్ళీ గాథల్లోకి వెళ్ళేది.

నాలుగింటికి నేను నమాజుకి మసీదుకి బయల్దేరాను.

"పావుగంటలో వస్తా అక్కా."

"పో, నా కోసం కూడా అడుగు."

నమాజు అయ్యేసరికి ఆకాశం విరిగి మీద పడ్డట్టు వాన. రోడ్డుకి అడ్డంగా చెట్టు పడింది. పావుగంట గంటన్నర అయింది. నాకు భయం పట్టుకుంది. గొట్టాలు కరిగిపోతే మేడమ్ ఏమంటారని కాదు, అక్క ముఖం ఎలా చూడాలని. తడిసి ముద్దయి పరుగెత్తుకొచ్చాను.

గుమ్మంలో స్టూల్ ఖాళీగా ఉంది. అక్క నేల మీద కూర్చుని, పండగ చీర కుచ్చిళ్ళు దోపుకుని, మోచేతుల దాకా ఐసులో చేతులు పెట్టి ఉప్పు కలుపుతోంది. వేళ్ళు ఎర్రగా కందిపోయాయి. కళ్ళ వెంట నీళ్ళు. థర్మామీటర్ సున్నాకి పదిహేడు కింద చూపిస్తోంది.

"అక్కా! నొనగతె!"

"ఏం చూస్తున్నావ్? ఉప్పు ఒలికితే ఎత్తుతున్నా." ముక్కు భుజానికి తుడుచుకుంది. "పద్దెనిమిది నుంచి తొమ్మిదికి వచ్చేసింది తమ్ముడూ. నీ కోసం చూశాను, చూశాను... పని ముడితే మా ఆయనకి ఏమవుతుందోనని భయమేసింది. కానీ ఇంకో ఇంట్లో ఇంకొకత్తి పద్నాలుగు రోజులు అలా కూర్చుంటుందే అని..."

పక్కన కూర్చుని నేనూ చేతులు పెట్టాను. ప్రాణం జివ్వుమంది. ఈమె ఇంతసేపు ఎలా ఓర్చుకుందో దేవుడికే తెలియాలి.

పొయ్యి ముహూర్తానికి ఆమె ఇంట్లో ఉండాల్సింది. ఆ వానలో వెళ్ళే దారి లేదు. వరండాలో స్పిరిట్ దీపం వెలిగించి, టీ గది పాలని కొత్త బీకర్లో పొంగించింది. ల్యాబులో బిస్కెట్ తిన్నందుకు నన్ను వారం రోజులు తిట్టిన మనిషి! పాలు పొంగి బల్ల మీద కారాయి. దణ్ణం పెట్టుకుని, సగం నాకిచ్చింది. ఏడింటికి స్టోర్ కీపర్ తాళం తెచ్చాడు. పన్నెండు గొట్టాలూ రాయిలా గట్టిగానే వెటర్నరీ వాళ్ళ ఫ్రీజర్‌లోకి చేరాయి.

మే నెలలో పాము కరిచిన ఒక మిరియాల కోతపిల్ల రక్తం వచ్చింది. ఒక గొట్టం తీసి పరీక్షించాం. నల్ల గీత పడింది, కాటుక గీసినట్టు. కుణకటువాకి పనికిరాని విరుగుడు మందు ఎక్కించలేదు, పిల్ల ఇంటికి వెళ్ళింది. అక్క ఆ కాగితాన్ని చాలాసేపు చూసి, వెళ్ళి బాగుచేయించిన పాత ఫ్రీజర్‌ని తుడిచింది.

కానీ ఆ ఏడాదంతా టికిరి బండాకి నరకం. మోకాళ్ళ దాకా గంబూట్లు లేనిదే అక్క అతన్ని గుమ్మం దాటనివ్వలేదు. మేనకోడలి పెళ్ళిలో పట్టు అంచు సారంగు లుంగీ కింద గంబూట్లతో ఫొటో దిగాడు. మళ్ళీ కొత్త సంవత్సరం వచ్చి, పొయ్యి ముహూర్తం దాటాక, కొబ్బరిపాలలో వండిన కిరిబత్ అన్నం తినడానికి నన్ను పిలిచారు.

"చూశావా తమ్ముడూ," అంది అక్క వడ్డిస్తూ. "ఏడాది గడిచింది, ఎవరికీ ఏమీ కాలేదు. అంటే ఆ రోజు నేను చేసింది పని కాదన్నమాట."

వరండాలోంచి టికిరి బండా తల లోపలికి పెట్టాడు. "అయితే ఇవి విప్పేయనా?"

అక్క గోడ మీది పంచాంగం దగ్గరకి వెళ్ళి, కళ్ళజోడు పెట్టుకుని, వేలితో వరసలు వెతికింది.

"ఎల్లుండి పొద్దున్న పదింటికి మంచి గడియ ఉంది. అప్పటిదాకా ఉంచు."