పటిక నీళ్ళతో అద్దిన పూలు

నా చిన్నప్పుడు, వేసవి సెలవులు ఇచ్చారంటే పెడనలో మా తాతయ్య అద్దకం షెడ్డే నా మకాం. కలంకారీ అద్దే ఇంట్లో పుట్టానేమో, కరక్కాయ నీళ్ళ వాసనా, గుడ్డ నానబెట్టే గేదె పాల వాసనా నాకు అన్నం వాసనంత అలవాటు. అందుకే ఆ పనిలో నాకు తెలియనిది లేదనుకునేదాన్ని. నోరు కూడా అలాగే ఉండేది. ఇప్పుడు మాత్రం తగ్గిందా అంటే, ఏదో కాస్త.

ఆ ఏడు పక్కింటి అక్క కూడా షెడ్డుకి వచ్చింది. పది తప్పింది. వాళ్ళమ్మని నేను పిన్నీ అనేదాన్ని. పిన్ని రోజూ ఆటో ఎక్కి బంటుమిల్లి వైపు రొయ్యలు వలవడానికి వెళ్ళేది. ఐసులో నాని నాని ఆవిడ వేళ్ళు పాలిపోయి ఉండేవి. కూతుర్ని కూడా ఆ పనికే తీసుకెళ్తానని ఆవిడ, అద్దకం నేర్చుకుంటానని అక్క. చివరికి మా తాతయ్యే, "ఒక్క దుప్పటి అద్దనివ్వమ్మా, చెయ్యి చూసి చెప్తా" అన్నారు. ఆ దుప్పటి కుదరకపోతే అక్క ఆటో ఎక్కాల్సిందేనని నాకు బాగా తెలుసు.

అక్క దుప్పటి అద్దిన రోజు నాకూ ఓ చిన్న గుడ్డ ముక్క ఇచ్చి, నల్లరంగు పెట్టారు. అక్కకి మాత్రం పటిక నీళ్ళు. పటిక అద్దిన చోటే తర్వాత ఉడకబెట్టినప్పుడు ఎరుపు పడుతుంది. మామూలుగా అచ్చు కంటికి ఆనడానికి అందులో కాస్త రంగు కలుపుతారు. ఆ రోజు తాతయ్య కలపలేదు. గిన్నెలో తేటగా ఉన్నవి చూసి, అవి ఉత్త నీళ్ళే అనుకున్నాను. అక్కని పెట్టుకోవడం ఇష్టం లేక తాతయ్య ఊరికే ఆడిస్తున్నారని కూడా తేల్చేసుకున్నాను. ఇంటి పిల్లని కదా, అడగడం నామోషీ!

"అక్కా, అద్దుతున్నావా, గుడ్డకి నీళ్ళు పోస్తున్నావా?" అన్నాను. బల్లల దగ్గర వాళ్ళంతా నవ్వారు. "తాతయ్యగారు ఇదే వెయ్యమన్నారు కదే" అంది అక్క, తలెత్తకుండా. చెక్క అచ్చు వేసి పిడికిలితో గుద్దడం, తడి ఆరేలోపు వేలితో అంచు తడుముకుని పక్కన ఇంకోటి వేయడం. నా ముక్క మీద పూలు నల్లగా మెరిసిపోతుంటే, తన గుడ్డ పరిచింది పరిచినట్టే ఉంది.

సాయంత్రం తాతయ్య మచిలీపట్నం వెళ్ళారు. పిన్ని ఆటో దిగడం చూసి పరిగెత్తాను. "పిన్నీ, అక్క రోజంతా మంచినీళ్ళు అద్దింది. ఒక్క పువ్వూ పడలేదు!" పిన్ని వచ్చి ఆ బోసి గుడ్డ చూసింది. "నలుగురిలో నవ్వులపాలు చేశావు కదే" అని అందరి ముందూ అక్క చెయ్యి పట్టుకు లాక్కెళ్ళింది. అక్క వెళ్తూ నా వంక కాదు, గుడ్డ వంక చూసింది. మర్నాడు ఇద్దరూ ఆటో ఎక్కారు.

తాతయ్య తిరిగొచ్చాక సంగతి విన్నారు. నాలుగు రోజులు గుడ్డలు ఆరనిచ్చి, కాలవలో జాడించి, ఎర్రరంగిచ్చే చెట్ల వేళ్ళు వేసిన కాగులో రెండూ కలిపి ముంచారు. కర్ర నా చేతికిచ్చారు. తిప్పుతుంటే అక్క దుప్పటి మీద ముందు ఓ రేక, తర్వాత ఓ పువ్వు, కాసేపటికి తోటంతా ఎర్రగా లేచింది. అచ్చుకీ అచ్చుకీ మధ్య అతుకు ఎక్కడుందో వెతికినా దొరకలేదు. నా ముక్క మీద పూలు ఒకదాన్నొకటి తొక్కుకుంటున్నాయి. ఆవిరికో, సిగ్గుకో, నా మొహం మండిపోయింది.

"కనబడేలా రంగు కలిపితే ఎవరైనా అద్దుతారే. దాని చెయ్యి చూద్దామని కలపలేదు. వాళ్ళమ్మతో నువ్వేగా చెప్పింది, ఇది కూడా నువ్వే చెప్పి రా" అన్నారు తాతయ్య.

వెళ్ళేసరికి తల్లీకూతుళ్ళు పంపు దగ్గర చేతులు కడుక్కుంటున్నారు. నాలుగు రోజులకే అక్క వేళ్ళు కూడా పాలిపోయాయి. వెంట తెచ్చిన దుప్పటి చూపించాను. అవి మంచినీళ్ళు కాదు, పటిక నీళ్ళని చెప్పాను. పిన్ని చేతులు చీరకి తుడుచుకుని, దుప్పటి మంచం మీద పరిచి, చాలాసేపు తడిమింది. "రేపు ఆటో ఎక్కకులే" అంది అక్కతో.

అక్క తిడుతుందని నిలబడ్డాను. తిడితే బాగుండేది. ఓ పువ్వు మీద వేలు పెట్టి చూసుకుని, నా వైపు తిరిగి, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది: "నీది ఎలా వచ్చిందే? నలుపు బాగా పట్టిందా?"

వెనక్కి తిరిగి పారిపోయాను.

అక్క ఇప్పుడు నలుగురికి అద్దకం నేర్పుతోంది. నేను పెళ్ళయి గుడివాడ వచ్చేశాను. ఎవరి పనైనా చూసి "ఏముంది ఇందులో" అనబోతే చాలు, అక్క గొంతు వినబడుతుంది, నీది ఎలా వచ్చిందే అని. మొహం మళ్ళీ అలాగే మండుతుంది. నోరు మూసుకుని నా పనిలో అతుకులు చూసుకుంటాను.