బావ చెయ్యి, పనామా రేవు

నేను ఐదో తరగతితో బడి మానేశాను. ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడ పడతాయో నాకే తెలీదు. ఇంటికి ఉత్తరాలు తప్ప ఇంతవరకూ ఏమీ రాయలేదు. రాయాలంటే బెరుగ్గానే ఉంది. చదివేవాళ్లే కాస్త సర్దుకోవాలి.

డెబ్బైల చివర్లో దుబాయ్‌లో ఒక చిన్న కంపెనీ సరుకు ఓడలో వంటవాడికి సాయంగా ఉండేవాణ్ణి. మా అక్క మొగుడు అదే ఓడలో తాళ్ల పని చేసేవాడు. మాది భీమిలి పక్క. ఓడ ఎక్కేముందు ఆఫీసులో ముదీర్, అంటే మేనేజరు, అందరి సీడీసీలూ తీసుకుని బీరువాలో పెట్టేశాడు. సీడీసీ అంటే ఓడ పనివాడి పుస్తకం. అది చూపిస్తేనే ఏ రేవులోనైనా దిగనిస్తారు. వీసా ఇచ్చిన యజమాని కఫీల్‌కి పాస్‌పోర్టు ఇచ్చెయ్యడం అలవాటైన వాళ్లం కదా, ఎందుకని ఒక్కరూ అడగలేదు. నేను చేరింది శుక్రవారం. ఆఫీసు మూసి ఉండటంతో నా పుస్తకం నా పెట్టెలోనే ఉండిపోయింది.

"నీది కూడా ఇచ్చీవలసిందిరా. ఆల్ల దగ్గరుంతే బద్రం" అన్నాడు బావ.

పనామా కాలువ దగ్గర పడుతుండగా ఇనప తాడు పోగు ఒకటి బావ కుడిచేతి వేలిలో దిగింది. రేవు చేరేసరికి చెయ్యంతా వాచి నల్లబడింది. కాలువలోకి మా వంతు వచ్చేదాకా ఓడని రేవులో కట్టారు. పక్కనే తెల్లటి టూరిస్టు ఓడ. దిగేవాళ్లకి డప్పులు కొడుతూ, పూలదండలు వేస్తున్నారు.

"సూడ్రా, ఆల్లకి దండలేత్తన్నారు. నాకో సూదేత్తే సాలు" అని నవ్వాడు బావ. ఒళ్లు కాలిపోతోంది.

కెప్టెన్ దగ్గరికి వెళ్లాను. "బుక్ దుబాయ్ మే హై, మై క్యా కరూఁ?" అన్నాడు. పుస్తకం దుబాయ్‌లో ఉంటే తనేం చేస్తాడట. డాక్టర్నే ఓడ మీదికి పిలవమన్నాను. ఖర్చుకి దుబాయ్ ఆఫీసు ఒప్పుకోవాలట.

మందైనా తెద్దామని నా పుస్తకం చూపించి నేనొక్కణ్ణే దిగాను. మన విశాఖలో శ్రావణంలో ఉన్నట్టే ఉక్క, వాన. కొబ్బరిచెట్ల కింద టోపీలు, చిలకలు అమ్ముతున్నారు. ఒక టూరిస్టావిడ నన్ను ఆ ఊరివాడే అనుకుని తన సంచీ నా చేతిలో పెట్టింది. నేలమీద పెట్టేసి వచ్చేశాను. గడియారాలమ్మే కొట్లో ఒకాయన హిందీ మాట్లాడాడు. ప్రాణం లేచొచ్చింది. మందుల షాపుకి ఆయనే తీసుకెళ్లి, వాళ్ల మాట నాకు చెప్పాడు.

"దెబ్బ చూడకుండా మందు ఇవ్వరట. ఆద్మీ కో లావో, భాయ్, మనిషిని తీసుకురా. అస్పతాల్ ఇదే వీధిలో ఉంది."

ఆసుపత్రి నాకు కనిపిస్తూనే ఉంది. గుమ్మంలో ఒకామె తడిగొడుగు దులుపుకుంటోంది. అంత దగ్గర!

పరుగున వచ్చి నా పుస్తకం బావ జేబులో పెట్టాను. "నా పుస్తకం మీద నువ్వు దిగు" అన్నాను.

"నీ మొకం నాకెలా అతుకుద్దిరా, నానందగాణ్ణి" అన్నాడు. అయినా వెళ్లాడు. గేటు దగ్గర కాపలావాడు ఫోటో చూశాడు, బావ గడ్డం చూశాడు, పుస్తకం వెనక్కిచ్చి ఓడవైపు చెయ్యి చూపించాడు.

మర్నాడు పొద్దున్నే మా వంతు వచ్చింది. ఓడ కాలువలోకి వెళుతుంటే గట్టుమీద టూరిస్టులు మాకు చేతులూపారు. బావ ఊపలేదు. దుబాయ్ ఒప్పుకోలు వచ్చేసరికి మేం అవతలి సముద్రంలో చాలా దూరంలో ఉన్నాం. తర్వాతి రేవులో ఓడ మీదికొచ్చిన డాక్టర్ రెండు వేళ్లు తీసేశాడు.

మళ్లీ దుబాయ్ చేరాక ముదీర్ బీరువా తెరిచి బావ పుస్తకం తీశాడు. నలగలేదు, దుమ్ము కూడా లేదు. "ఖలాస్. ఘర్ జావ్" అన్నాడు. పని అయిపోయింది, ఇంటికి పొమ్మని. బావ అలవాటుగా కుడిచెయ్యి చాపాడు. పుస్తకం జారి కింద పడింది.

"సంభాల్ కే రఖో" అన్నాడు ముదీర్. జాగ్రత్తగా పెట్టుకోవాలట!

బావ వంగి ఎడంచేత్తో తీసుకున్నాడు. నేను ముదీర్ ముందున్న బల్లని తన్నాను. అందుకు నా పని కూడా పోయింది. పోతే పోయింది.

రాతలో తప్పులుంటే పెద్దమనసుతో మన్నించండి. కోపం ఎక్కువైందంటారా, దాన్ని మాత్రం దిద్దలేను.