మా ఆయన మణికట్టు, ఆవిడ మూడు వేళ్ళు

ఈ సోమవారం పొద్దున్న మా డాక్టరు గారి ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. తాడేపల్లిగూడెం స్టేషనులో, ఏలూరు పాసింజరు కోసం బెంచీ మీద కూర్చున్న వాళ్ళ నర్సు, మా సిస్టరు గారు, మళ్ళీ లేవలేదట. మా ఆయనకి చెప్పాను. చేతిలో ఉన్న స్పానరు కింద పెట్టి, గోడవైపు తిరిగి ఏడ్చారు. మా అత్తగారు పోయినప్పుడు కూడా ఆ మనిషి అలా ఏడవలేదు. నిజం చెప్పొద్దూ, నాకు మొదట కలిగింది దుఃఖం కాదు, కుళ్ళు. నేను పోతే ఇంతలా ఏడుస్తారా అని.

సిగ్గుపడాల్సిన మాటే. కానీ ఆవిడ గురించి రాస్తూ అబద్ధం రాస్తే ఆవిడే ఒప్పుకోరు.

మా ఆయన డీజిలు ఇంజన్ల మెకానిక్కు. పెళ్ళయిన కొత్తలో సూడాను వెళ్ళి, అయిదేళ్ళు అక్కడి కాలవల మీద పంపులు బాగుచేశారు. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి చేసే పని. ఆ నీళ్ళలో నత్తల నుంచి వచ్చే పురుగు ఒకటుంటుందట. చర్మంలోంచి దూరుతుందట, దాని గుడ్లు చేరి కాలేయం గట్టిపడుతుందట. ఆ సంగతి మాకేం తెలుసు? తిరిగొచ్చి ఏలూరులో షెడ్డు పెట్టుకున్నారు. కొల్లేటి చేపల చెరువుల ఇంజన్లన్నీ ఆయన చేతిమీదే నడిచేవి. ఒకరోజు భోజనం దగ్గర గిన్నెడు రక్తం కక్కుకున్నారు. విజయవాడ తీసుకెళ్తే గొట్టం వేసి చూసి, అన్నవాహికలో నరాలు ఉబ్బి, ఒకటి చిట్లిందన్నారు. దానికి రబ్బరు రింగు బిగించారు, పురుగుకి మందిచ్చారు. ఇక ఎప్పటికీ వేసుకోవాలంటూ ప్రొప్రనొలాల్ అనే మాత్ర రాసి, మా ఊళ్ళో డాక్టరు గారి దగ్గర వారం వారం నాడి చూపించుకోమన్నారు.

ఆ నాడి చూసేది సిస్టరు గారు.

పురుగు చచ్చాక ఇంకా మాత్రెందుకో నాకు బోధపడలేదు. ఆవిడనే అడిగాను.

"నీళ్ళు సముద్రానికి పోయే ఉప్పుటేరు పూడిపోతే కొల్లేరు ఏం చేస్తుందమ్మా?" అన్నారు.

"ఊళ్ళమీదికి వచ్చేస్తుందండీ."

"ఇదీ అంతే. కాలేయం గట్టిపడి రక్తం పోయే దారి పూడింది. వెనక్కి తన్ని ఆ నరాలు ఉబ్బాయి. ఈ మాత్ర ఏరు పూడిక తియ్యదండీ. పైనుంచి వచ్చే వరద తగ్గిస్తుంది."

ఎంత తగ్గిందో చెప్పేది నాడి. మాత్ర కొంచెం కొంచెంగా పెంచుకుంటూ వెళ్ళి, నాడి అరవై దగ్గరికి వచ్చాక ఆగాలి. మందు తక్కువైతే మళ్ళీ నరం చిట్లుతుంది. ఎక్కువైతే కళ్ళు తిరుగుతాయి. పడవ అంచున కూర్చుని ఇంజను విప్పే మనిషికి కళ్ళు తిరిగితే ఏమవుతుందో నాకెవరూ చెప్పక్కర్లేదు.

ప్రతి గురువారం వెళ్ళేవాళ్ళం. ముందు పది నిమిషాలు ఊరికే కూర్చోబెట్టేవారు. తర్వాత మూడు వేళ్ళు ఆయన మణికట్టు మీద పెట్టి, గడియారం చూస్తూ నిండా నిమిషం. ఎవరూ నోరెత్తకూడదు. "పావు నిమిషం చూసి నాలుగుతో హెచ్చవేసేవాళ్ళకి ఇంకెక్కడో పనుందన్నమాట" అనేవారు. మా ఆయన కళ్ళు మూసుకునేవారు. ఆ నిమిషం నాకు గంట. పెళ్ళయి అన్నేళ్ళయినా నా చెయ్యి అంతసేపు కదలకుండా పట్టుకున్న మనిషి కాదాయన! ఆవిడ చూస్తే యాభై దాటిన మనిషి, తెల్లచీర, అరిగిపోయిన హవాయి చెప్పులు. అయినా నాకు ఒళ్ళు మండేది.

రంజాన్ వచ్చేసరికి ఇంకా మండింది. ఉపవాసం కదా, మాత్ర మానేస్తానని కూర్చున్నారు. రెండ్రోజులు మొత్తుకున్నా నా మాట వినలేదు. ఆవిడ తీరిగ్గా, "ఏవండీ సాయిబు గారూ, తెల్లారకముందు సహరీలో ఒకటి, సాయంత్రం ఇఫ్తారుకి ఒకటి వేసుకోండి. బాగున్నానని మానేస్తారేంటండీ, బాగున్నది దానివల్లే కదండీ" అన్నారు. "అలాగేనండీ" అన్నారీయన, బడిపిల్లాడిలా. నేను చెబితే నస, ఆవిడ చెబితే శిలాశాసనం.

అప్పుడు పుట్టింది నాకు బుద్ధి. నాడి నేనే చూస్తే ఇక ఆవిడతో పనేముంది? రోజూ ఆయన్ని గోడ గడియారం కింద కూర్చోబెట్టి మణికట్టు పట్టుకున్నాను. వారం రోజులు కాగితం మీద రాశాను. ఎనభై నాలుగు, ఎనభై ఎనిమిది, తొంభై. గురువారం సిస్టరు గారు లోపలెక్కడో పనిలో ఉన్న సమయం చూసి, కాగితం తిన్నగా డాక్టరు గారి చేతికిచ్చాను. ఆయన చూసి, మాత్ర సరిపోవట్లేదని రెట్టింపు రాశారు. పందెం గెలిచినదానిలా చీటీ పట్టుకుని బయటికొచ్చాను.

గుమ్మంలో ఆవిడ ఎదురయ్యారు. చీటీ చూశారు. మా ఆయన్ని కూర్చోబెట్టి నాడి చూశారు. యాభై ఎనిమిది.

నన్ను పక్కకి పిలిచి చెయ్యి చాపారు. "మీరెలా చూశారో నాకోసారి చూపించండమ్మా."

బొటనవేలు గట్టిగా నొక్కి చూపించాను. తొంభై ఆరు వచ్చింది. ఆవిడ రెండో చేతి వేళ్ళు మెడ మీద పెట్టుకుని తన లెక్క తను చూసుకున్నారు. డెబ్బై రెండు.

"బొటనవేలికి సొంత నాడి ఉంటుందమ్మా, అందుకే దాన్ని పెట్టం. మీరు వారమంతా రాసింది సాయిబు గారి గుండె కాదు, మీది." ఇంకాస్త గొంతు తగ్గించి, "ఎందుకంత పరుగులు పెడుతోందో, పాపం" అన్నారు.

నా మొహం మాడిపోయింది. ఆవిడ లోపలికెళ్ళి, "ఇంటి లెక్క కుదరలేదండీ, నేను మళ్ళీ చూశాను" అని మాత్రం చెప్పి చీటీ మార్పించారు. ఎందుకు కుదరలేదో డాక్టరు గారికీ చెప్పలేదు, మా ఆయనకీ చెప్పలేదు. ఆ మర్నాడు ఆయన కొల్లేట్లో పడవెక్కారు. తిరిగొచ్చేదాకా నేను గుమ్మంలోనే ఉన్నాను.

తర్వాత మూడు గురువారాలు నా వేళ్ళు పట్టుకుని నేర్పారు. బొటనవేలు తనే మడిచి అరచేతిలోకి తోసేవారు. అంత చేసినా నా కుళ్ళు పోయిందా అంటే, లేదు. మేలు చేసిన మనిషి మీద కుళ్ళు ఇంకా మొండిది.

అంత్యక్రియలకి గూడెం వెళ్ళాం. ఇంటిముందు జనం. అత్తిలి నుంచి వచ్చిన ఒకావిడ నా పక్కన నిలబడి కళ్ళు తుడుచుకుంటూ, "మా నాన్నకీ ఇదే జబ్బండీ. లాకులు మూసేస్తే కాలవ వెనక్కి తన్నినట్టు అని ఎంత ఓపిగ్గా చెప్పారో! నా చెయ్యి పట్టుకుని నాడి చూడ్డం నేర్పారండీ" అంది. నాకు చురుక్కుమంది. వేళ్ళు పట్టుకుని నేర్పింది నాకొక్కదానికే అనుకున్నాను. ఇన్నేళ్ళూ ఆవిడ మీద కుళ్ళుకున్నదాన్ని, ఆవిడ కోసం అత్తిలి మనిషి మీద కుళ్ళుకున్నాను. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు.

నిన్న గురువారం. మా ఆయన అలవాటు ప్రకారం ఉతికిన చొక్కా వేసుకుని కుర్చీలో కూర్చున్నారు. "ఏవండీ, వెళ్దామా?" అన్నాను. అడ్డంగా తలూపి, చెయ్యి బల్ల మీద చాపారు. పది నిమిషాలు ఊరికే కూర్చోనిచ్చాను. బొటనవేలు మడిచి, మూడు వేళ్ళు పెట్టాను. ఆయన కళ్ళు మూసుకున్నారు. ఎవర్ని తలుచుకుంటున్నారో అడగాలని నోటిదాకా వచ్చింది. లెక్కపెట్టేటప్పుడు మాట్లాడకూడదు.

అరవై వచ్చింది. నిమిషం అయిపోయినా నేను చెయ్యి వదల్లేదు.