పాస్‌పోర్టులో నాలుగు మెతుకులు

ఆ రోజుల్లో నా గొప్పలకు హద్దుండేది కాదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ కుర్రవాడి చెవి మెలిపెట్టాలనిపిస్తుంది, ఆ వెంటనే పక్కన కూర్చోబెట్టుకుని ఇంత అన్నం పెట్టాలనీ అనిపిస్తుంది. కువైత్‌లో, సల్వాలో, ఒక పెద్ద కువైతీ ఇంట్లో డ్రైవరుగా ఉండేవాణ్ణి. ఇంటాయన్ని బాబా అనీ, ఇంటావిడని మామా అనీ పిలిచేవాళ్లం. వాళ్ల పెద్దబ్బాయి అమెరికాలో మినియాపొలిస్ అనే ఊళ్లో చదువుకునేవాడు. ఆ ఏడాది మే నెల చివర్లో అతను పట్టా పుచ్చుకుంటున్నాడని ఇల్లంతా బయల్దేరింది. బాబా తల్లికి మోకాళ్లు పనిచేయవు, చక్రాల కుర్చీ తోయడానికి మనిషి కావాలి. ఆవిడకు నేను తోస్తే తప్ప నచ్చదు (గుంత వస్తే ముందే చెబుతానని). అలా రాయచోటి పక్క పల్లెలో ఎద్దులబండి తోలుకున్న నేను అమెరికా విమానం ఎక్కాను.

నిజం చెప్పాలంటే, పదహారు రోజులూ నేను చూసింది ఒక వంటిల్లు. మిగతావాళ్లు తిరగడానికి పోతే నేనూ పెద్దావిడా ఆ అబ్బాయి అద్దె ఇంటి వంటింట్లోనే ఉండేవాళ్లం. కిటికీలోంచి చూస్తే చెట్లకు అప్పుడప్పుడే లేతాకు పడుతోంది, కంచెల పొడవునా ఊదారంగు పూలు గుత్తులు గుత్తులుగా పూసి ఉన్నాయి. అక్కడివాళ్లకు అది ఎండాకాలమట, సగం నిక్కర్లు వేసుకుని తిరుగుతున్నారు. నేను రెండు స్వెట్టర్లు వేసుకుని వణికేవాణ్ణి. పెద్దావిడ దుప్పటి కప్పుకుని కువైత్ ఎండ కావాలని ఏడ్చేది. ఒక బుధవారం మధ్యాహ్నం ఊరంతా సైరన్ మోగింది. యుద్ధం వచ్చిందనుకుని ఆవిణ్ణి కుర్చీతో సహా బాత్రూంలోకి తోసి తలుపు గడియ వేశాను. సుడిగాలులొస్తే చెప్పడానికి పెట్టుకున్నారట, పనిచేస్తోందో లేదో చూసుకుంటున్నారట. రెండుసార్లు మాత్రం ఆవిణ్ణి చెరువు గట్టుకు తీసుకెళ్లాం. అక్కడ ఆ అబ్బాయి సరదాకి తన పట్టా గౌనూ టోపీ నాకు తొడిగి ఒక ఫోటో తీశాడు. నన్ను చెడగొట్టింది ఆ ఫోటోనే.

కువైత్‌కు తిరిగొచ్చాక, శుక్రవారం సెలవు దొరికితే ఊళ్లోనే ఖైతాన్‌లో మా బావ గదికి పోయేవాణ్ణి. బావంటే మా అక్క మొగుడు, దజీజ్‌లో ఒక గోడౌన్లో మూటలు మోసేవాడు. ఆ గదిలో మా కడప వాళ్లతో పాటు జగిత్యాల అన్న ఒకాయన ఉండేవాడు. ఫోటో గోడకు అంటించి మొదలుపెట్టాను. మోకాలి లోతు మంచులో నడిచానన్నాను (మే నెలలో). నాలుగు వరసల రోడ్డు మీద కారు నేనే తోలానన్నాను. ఒక ముసలి దొర నా చెయ్యి పట్టుకుని ఇక్కడే ఉండిపొమ్మని బతిమాలాడన్నాను. బావ ప్రతి శుక్రవారం కొత్తవాళ్లను పిలుచుకొచ్చి, "అబ్బీ, ఆ మంచు సంగతి చెప్పు ఈ సామికి," అనేవాడు. మంచు వారం వారం పెరిగేది.

తర్వాత ఆగస్టు వచ్చింది. ఇరాక్ సైన్యం ఊళ్లోకి దిగిన పొద్దున మాకు ఏ సైరనూ వినపడలేదు, ట్యాంకుల చప్పుడే వినపడింది. నాలుగో రోజు బాబా ఇంటివాళ్లను ఒక్క కారులో కుక్కుకుని ఎడారి దారిన సౌదీకి బయల్దేరాడు. పెద్దావిణ్ణి ఎత్తి వెనక సీట్లో కూర్చోబెట్టింది నేనే. కుర్చీ పట్టలేదు, గుమ్మం ముందే ఉండిపోయింది. బాబా నా పాస్‌పోర్టు నా చేతిలో పెట్టి, "ఖలాస్, మీ ఊరికి పో," అన్నాడు. పాస్‌పోర్టులు తమ దగ్గరే ఉంచుకునే కఫీళ్లు, అంటే యజమానులు, చాలామంది ఆ పాటి కూడా చెయ్యలేదు.

నడుచుకుంటూ ఖైతాన్ చేరాను. బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ దాకా మనవాళ్లను బస్సుల్లో పంపుతున్నారని తెలిసి పేర్లు రాయించుకున్నాం. ఆ సాయంత్రమే జగిత్యాల అన్న బయటినుంచి వచ్చి మెల్లగా అన్నాడు.

"తమ్మీ, అమెరికోళ్లను ఎక్కడ దొరికితే అక్కడ గుంజుకపోతున్నరు. నీ బుక్కుల ఆళ్ల ముద్ర ఉన్నది గద."

బావ లేచి గోడ మీది ఫోటో పీకి పొయ్యిలో పెట్టాడు. నేను పట్టా పుచ్చుకున్న ఆనవాలు ఒక్క నిమిషంలో బూడిదైంది.

"ఆ పేజీ సింపేస్తే పోలా," అన్నాడు బావ.

"సింపితే పాస్‌పోర్టు చెల్లదు బావా."

"అట్లయితే అంటించేద్దాం. బడిలో పుస్తకం సినిగితే ఏం పెట్టి అంటించేటోళ్లం?"

ఇంకేం పెడతాం, అన్నం మెతుకులు. ఆ రోజు ఆరుగురికి ఒక గిన్నె అన్నం. అందులోంచి నాలుగు మెతుకులు తీసి, వేలితో మెదిపి, వీసా పేజీని పక్క పేజీకి అంటించి, పైన బియ్యం డబ్బా బరువు పెట్టాను. పొద్దుటికి బిగుసుకుంది. ఇద్దరం మెచ్చుకుంటూ చూసుకున్నాం.

బస్సులో ఎన్ని రోజులు పోయామో గుర్తు లేదు. జోర్డాన్ సరిహద్దు దగ్గర వేలమంది ఎండలో నిలబడి ఉన్నారు. మా ముందు ఒక తల్లి, ఏ దేశమో తెలియదు, బిడ్డను గుడ్డలో చుట్టి గుండెకు ఆనించుకుని నిలబడింది. బావ తన సీసాలో అడుగున మిగిలిన నీళ్లు ఇచ్చాడు. ఆమె తీసుకుంది. కానీ తాగలేదు, బిడ్డకు పట్టనూ లేదు, ఊరికే పట్టుకుని నిలబడింది. కాసేపటికి మాకు అర్థమైంది. దాటకముందే లాక్కుని ఎక్కడో పూడుస్తారని, బిడ్డ పోయిన సంగతి చెప్పకుండా మోస్తోంది. ఆమె దాటేవరకు నేనూ బావా ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

బావకు ముద్ర పడింది. నా వంతు వచ్చింది. ఇరాకీ అధికారి పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగి, బొటనవేలితో తడిమాడు. సరిగా మెదగని నా మెతుకులు ఎండి, లోపల గులకరాళ్లలా తేలి ఉన్నాయి. లోపల ఏదో దాచానని అతని అనుమానం. అంటించకపోయి ఉంటే ఆ పేజీ చూసేవాడే కాదు, అంతకుముందు వందమందివి తిప్పినట్టే తిప్పి పంపేవాడు. నన్ను లైనులోంచి లాగి గోడ దగ్గర కూర్చోబెట్టారు. వెనక్కి బాగ్దాద్‌కు పంపిస్తారని పక్కవాడు చెప్పాడు. అప్పటికే అవతల అడుగుపెట్టాల్సిన బావ వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"నువ్వు పో బావా. బస్సు పోతాంది."

"పోనీలే. నిన్నిడిసిపెట్టి పోతే మీ అక్క నన్ను ఇంట్లోకి రానిస్తాదా?"

బస్సు మా సంచులతో సహా పోయింది. పొద్దు వాలుతుండగా అధికారి నన్ను పిలిచి, నా ముందే గోటితో పేజీలు విడదీశాడు. ఎండిన మెతుకు ఒకటి బల్ల మీద పడింది.

"ఏమిటిది?" అన్నాడు అరబ్బీలో.

"అన్నం, సయ్యిదీ."

అతను దాన్ని వేలితో దొర్లించి చూశాడు, తర్వాత వీసా చూశాడు. "అమెరికాలో ఏం చేశావు? ఎవరిని కలిశావు? నిజం చెప్పు."

నేను చెప్పాను. వంటిల్లు, కుర్చీ, స్వెట్టర్లు, బాత్రూంలో గడియ, అన్నీ. మంచు చూడలేదనీ, కారు తోలలేదనీ, పదహారు రోజుల్లో ఒక్క దొరా నాతో మాట్లాడలేదనీ చెప్పాను. అరబ్బీ బాగా వచ్చిన బావ నా వెనకే నిలబడి వింటున్నాడు. సిగ్గేసింది. తుపాకీ ఎదురుగా ఉన్నా నాకు వేసింది సిగ్గే, అదేం బుద్ధో మరి. అధికారి కళ్లు ఎర్రగా ఉన్నాయి, నిద్రపోయి ఎన్నాళ్లయిందో. బాత్రూం సంగతి వచ్చినప్పుడు అతని పెదవి కొంచెం కదిలింది. ముద్ర కొట్టి పుస్తకం నా మీదికి విసిరి, "యల్లా," అన్నాడు, ఇక పొమ్మని. అవతలికి నడిచేటప్పుడు నేను తల ఎత్తలేదు.

ఊరు చేరిన పొద్దున మా అక్క ఇంటి అరుగు నిండా జనం. ఎట్లా వచ్చారు, దారిలో ఏం చూశారు అని అందరూ ఒక్కసారే అడిగారు. బావ నీళ్లు తాగి, చెంబు కింద పెట్టి, "అదంతా ఏముందిలే. మావోడు అమెరికా పోయొచ్చినాడు, ఆ సంగతి ఇనండి," అని మొదలుపెట్టాడు. మోకాలి లోతు మంచు నడుముదాకా వచ్చింది. ముసలి దొర ఏడ్చాడు కూడా. ఆపబోతే బావ నా వైపు చూసిన చూపుకి నోరు మూసుకున్నాను. అందరూ లేచి వెళ్లాక అడిగాను, అంతా విన్నావు కదా, మళ్లీ ఎందుకు చెప్పావని.

"అబ్బీ, ఆ తల్లి సంగతి చెప్పమంటావా నన్ను?" అన్నాడు బావ. "మీ అక్క ఈడనే ఉండాది, ఒళ్లో బిడ్డ ఉండాది. ఎట్లా చెప్పేది?"

బావ పోయి తొమ్మిదేళ్లయింది. బతికినంత కాలం కువైత్ యుద్ధం గురించి ఎవరడిగినా ఆ మంచే చెప్పాడు. ఇప్పుడు పిల్లలు నన్ను అడుగుతారు. ఇరవై నాలుగేళ్ల ఆ గొప్పలరాయుణ్ణి తలుచుకుని నాలో నేను నవ్వుకుని, బావ చెప్పినట్టే చెబుతాను, మే నెల, మినియాపొలిస్, నడుముదాకా మంచు అని. వాళ్లు పడీపడీ నవ్వి ఆడుకోవడానికి పరుగెత్తుతారు. నేను కాసేపు అక్కడే కూర్చుంటాను.