తెర మధ్యలో చోటు

"ఆగు తమ్ముడూ, మార్చకు! అది పోతే మా చెల్లి మళ్ళీ దొరకదు," అంది ప్రెస్సులో కార్డులు టైపు చేసే అక్క.

యజమాని హుకుం మీద కంప్యూటర్ తెరలన్నిటి మీదా ప్రెస్సు గుర్తు పెట్టడానికొచ్చిన మెకానిక్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తెర మధ్యలో ఫొటోలో చెల్లి నవ్వుతోంది. ఫైళ్ళన్నీ అంచులకు ఒదిగి ఉన్నాయి.

"బతికున్నప్పుడూ అంతే. ఏ ఫొటోలోనైనా మధ్యలోనే నిలబడేది మహాతల్లి."

చెల్లి సంతాప కార్డు కూడా అక్కే తయారు చేసింది. పని కాగానే, అందరి ఫొటోల్లాగే అసలు ఫొటోను చెరిపేసింది.

"అలవాటైన చెయ్యి. మన మనిషని దానికేం తెలుసు?"

తెర మీది ఫొటోకు కంప్యూటర్ లోపల మిగిలిన నకలును మెకానిక్ వెతికి పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చాడు. తర్వాత తెర నిండా ప్రెస్సు గుర్తు పరుచుకుంది. కొత్త ఫైలొకటి మధ్యలో పడగానే అక్క వేళ్ళు దాన్ని అంచుకు లాగేశాయి.

"ఇంట్లో కంప్యూటర్ లేదుగా అక్కా, ఎలా చూస్తావు?"

"చూడలేను. పొద్దున్నే ఇది ఆన్ చెయ్యగానే అదే పలకరించేది." పెన్‌డ్రైవ్‌ను గుప్పిట్లో బిగించింది. "నువ్వెళ్ళి అయ్యగారితో చెప్పు తమ్ముడూ, ఆ గుర్తేదో ఓ మూలకి జరపమని. మధ్యలో చోటు ఖాళీగా ఉండనిమ్మను."