మా ఆవిడ చూసిన మడమ

బాక్సింగ్ నాకు ఇరవై ఏళ్ళ పిచ్చి. చేసేది బందరులో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం. పుట్టి బుద్ధెరిగాక ఎవరినీ కొట్టలేదు, ఎవరిచేతా కొట్టించుకోలేదు. అయినా హెవీవెయిట్ బాక్సర్లలో ఎవరి చెయ్యి ఎంత పొడుగో, ఎవరు ఏ రౌండులో పడిపోయారో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను.

నాలాంటి పిచ్చివాళ్ళు ఈ చుట్టుపక్కల నాకు తెలిసి ఇద్దరే. ఒకరు గుడివాడలో ఎలక్ట్రికల్ షాపు నడిపే స్నేహితుడు. చుట్టరికం లేకపోయినా బావా అంటే బావా అనుకుంటాం. రెండోవారు అవనిగడ్డలో ఉండే రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి. ఆయన్ని మేమిద్దరం మావయ్యగారూ అని పిలుస్తాం. అమెరికాలో శనివారం రాత్రి జరిగే ఫైటు మనకి ఆదివారం పొద్దున్న వస్తుంది. పెద్ద ఫైటు ఉందంటే ఇద్దరూ మా ఇంట్లో దిగిపోతారు. మా ఆవిడ చర్చికి వెళ్ళిపోతుంది, మేం ముగ్గురం టీవీ ముందు కూర్చుంటాం. ఎవరు గెలుస్తారని వాళ్ళు నన్నే అడిగేవారు. ఆఫీసులో నన్నెవరూ ఏదీ అడగరు. అందుకని ఆ ప్రశ్నంటే నాకు ప్రాణం.

మా ఆవిడ ఎలిమెంటరీ స్కూలు టీచరు. పుట్టిల్లు పెదపారుపూడి దగ్గర. హైస్కూల్లో ఉండగా కబడ్డీలో జిల్లా జట్టుదాకా వెళ్ళిందని పెళ్ళిచూపుల్లో చెప్పారు. ఆ సంగతి నేను మళ్ళీ ఎప్పుడూ తలుచుకోలేదు. రెండేళ్ళ క్రితం స్కూలు మెట్ల మీద జారి కాలు విరిగితే ఆరు వారాలు హాల్లోనే మంచం మీద ఉంది. నేను పెట్టుకునే పాత ఫైట్లన్నీ తనూ చూడక తప్పలేదు. మొదట్లో మొహం అటు తిప్పుకునేది. తర్వాత తిప్పుకోవడం మానేసింది. ఒకరోజు ఉన్నట్టుండి, "ఈ ఎర్ర నిక్కరువాడు పడిపోతాడండీ" అంది. అర నిమిషంలో వాడు పడ్డాడు. గాల్లో రాయి వేసింది, తగిలింది అనుకున్నాను.

కిందటేడు పెద్ద టైటిల్ ఫైటు ప్రకటించారు. ఛాంపియన్ ఆరున్నర అడుగుల మనిషి, ఓటమి ఎరగనివాడు. ఛాలెంజర్ పొట్టి. ఇంకా నెల ఉందనగా ఇద్దరూ మా ఇంటికి భోజనానికి వచ్చారు. నేను ఎత్తులూ బరువులూ అన్నీ చెప్పి, ఛాంపియన్‌కి తిరుగు లేదని తేల్చేశాను. మావయ్యగారు చారు కలుపుకుంటూ మా ఆవిడ వైపు తిరిగారు.

"నువ్వేమంటావమ్మా?"

మాటవరసకే అడిగారు. మా ఆవిడ మాత్రం నిజంగానే ఆలోచించింది.

"ఇంకా సరిగ్గా చూడలేదండీ. పొట్టాయనకి మాత్రం భయం లేదు. గంట మోగేముందు పెదాలు తడుపుకోడు, గమనించారా?"

ఇద్దరూ చెయ్యి కంచంలోనే ఉంచి విన్నారు. నా మాట వాళ్ళు ఎప్పుడూ అలా వినలేదు.

అప్పట్నుంచి బావ ఫోన్ చేస్తే చాలు, "చెల్లెమ్మ ఏమంటోంది? ఒకసారి ఇవ్వు" అనేవాడు. ఇచ్చేవాణ్ణి. తను వంటింట్లోకి వెళ్ళి నవ్వుతూ మాట్లాడుతుంటే హాల్లో నాకు ఒళ్ళు మండేది. ఇరవై ఏళ్ళు నేను చదివి, చూసి, రాసి పెట్టుకున్నదంతా ఏమైపోయింది? తను స్కూలు నుంచి వచ్చే వేళకి టీవీలో క్రికెట్ పెట్టేసేవాణ్ణి. ఫైట్లు నా ఫోనులో, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చూసుకునేవాణ్ణి. తన ఫోనులో తను చూసుకునేది.

ఫైటుకి పది రోజుల ముందు, చిక్కుడుకాయలు ఒలుస్తూ ఫోనులో ఛాంపియన్ పాత ఫైటు చూస్తున్నది నన్ను పిలిచింది.

"ఏవండీ, ఇది చూడండి. ఏడో రౌండు వచ్చేసరికి ఛాంపియన్ ఎడం మడమ నేలకి ఆనిస్తున్నాడు. కుడిచెయ్యి విసిరే ముందు ప్రతిసారీ అంతే. మొదటి రౌండ్లలో లేదిది. కూతకొచ్చినవాడి చేతులు చూస్తే మోసపోతారు, పాదాలు చూడండే అనేవారు మా డ్రిల్లు మాస్టారు."

చూశాను. నిజమే.

"అలసిపోతే అందరూ అంతే. అది అలవాటు" అనేసి లేచాను.

మర్నాడు బావ ఏదో సరుకు కోసం బందరు వచ్చాడు. కోనేరు సెంటర్లో టీ తాగుతూ, మడమ సంగతి వాడికి చెప్పాను. నేనే కనిపెట్టినట్టు చెప్పాను. వాడు గ్లాసు కింద పెట్టేశాడు.

"అబ్బ, ఏం పట్టావు బావా!"

అక్కడికక్కడే మావయ్యగారికి ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టాడు. "అనుభవం అంటే అదీ!" అన్నారాయన. నేను ఇంకో టీ చెప్పాను.

ఫైటు ఉన్న ఆదివారం ఇద్దరూ పొద్దున్న ఏడింటికల్లా వచ్చేశారు. మా ఆవిడ సాయంత్రం ఆరాధనకి వెళ్తానని మొదటిసారి మాతో కూర్చుంది. పెసరట్లు వడ్డిస్తుంటే బావ హుషారుగా అన్నాడు.

"చెల్లెమ్మా, ఏడో రౌండు నుంచీ ఛాంపియన్ ఎడం మడమ మీద ఓ కన్నేసి ఉంచు. మా బావ కనిపెట్టాడు!"

ఆమె నా వైపు చూసింది. ఎక్కువసేపు కాదు.

"అలాగా అన్నయ్యా? చూస్తాను" అని అల్లప్పచ్చడి వేసింది.

మూడో రౌండు అవుతుండగా లేచి, బైబిలు తీసుకుని, "పొద్దున్న ఆరాధనకి ఇంకా టైముంది, వెళ్ళొస్తాను" అని చెప్పులేసుకుంది. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు, నాకు తప్ప.

ఎనిమిదో రౌండులో ఛాంపియన్ మడమ ఆనించాడు. కుడిచెయ్యి లేచేలోపే పొట్టాయన లోపలికి దూరి ఎడమచేత్తో దవడ మీద కొట్టాడు. ఆరున్నర అడుగుల మనిషి పక్కకి ఒరిగి పడిపోయాడు. బావ నన్ను పట్టుకుని ఊపేశాడు. మావయ్యగారు రెండు చేతులూ పట్టుకున్నారు. ఇంత పొగడ్త నేను ఎన్నడూ ఎరగను. చేతులు విడిపించుకున్నాను.

"నేను కాదు. ఆవిడ చెప్పింది. నాది అని చెప్పుకున్నాను" అన్నాను.

బావ నా భుజం వదిలాడు. మావయ్యగారు అడిగారు.

"ఆ పిల్ల ఎదురుగా ఉండగా ఎందుకు చెప్పలేదయ్యా?"

స్కూటర్ తీసుకుని చర్చికి వెళ్ళాను. ఆరాధన అయ్యేదాకా బయట చెప్పుల దగ్గర నిలబడ్డాను. తను రాగానే చెప్పేశాను: వాళ్ళకి నిజం చెప్పానని, తప్పయిపోయిందని.

తను చెప్పులు వేసుకుంటూ అంది: "చెప్పుకుంటే చెప్పుకున్నారు. నేను చూపించినప్పుడు అలవాటని తోసేశారు చూడండీ, అది బాధేసింది. మీకు నిజమేనని అప్పుడే తెలుసు."

"తెలుసు" అన్నాను.

స్కూటర్ ఎక్కబోతూ ఆగింది. "ఏ రౌండు?"

"ఎనిమిది."

నవ్వింది. ఆ నవ్వు నా కోసం కాదు, ఆట కోసం. ఆ క్షణంలో కూడా, తప్పు ఒప్పుకుని నిలబడి కూడా, ఆ నవ్వు మీద నాకు అసూయ కలిగింది. ఇరవై ఏళ్ళలో ఒక్క ఫైటూ నన్నలా నవ్వించలేదు.

ఇప్పుడు మా గ్రూపులో నలుగురం. వచ్చే నెల మళ్ళీ టైటిల్ ఫైటు ఉంది. ప్రశ్నలన్నీ తనకే వస్తున్నాయి. నాకు ఇప్పటికీ కుళ్ళుగానే ఉంటుంది. మొన్న ఆ మాట పైకే అనేశాను.

"తెలుస్తూనే ఉందిలెండి" అంది ఫోనులో ఫైటు మీంచి తల ఎత్తకుండా. కొంచెం పక్కకి జరిగి, ఫోను ఇద్దరికీ కనబడేలా చెంబుకి ఆనించి పెట్టింది.