సీరియల్ తీగకు ఈ చివర నేను

తొంభైల మొదట్లో మా బావ కరీంనగర్‌లో కంప్యూటర్ షాపు పెట్టాడు. షాపంటే రెండు గదులు, గదికొక పాత కంప్యూటర్. హైదరాబాద్‌లో ఏదో ఆఫీసు వదిలించుకున్నవి. అవి వేడెక్కినప్పుడు అక్క వాటి మీద అప్పడాలు ఆరబెట్టుకోవచ్చని నేనంటే, "ముందుగాల నీ నోరు ఆరబెట్టాలె బామ్మర్దీ" అనేవాడు బావ. మా వైపు బావాబామ్మర్దుల ఎగతాళికి హద్దుండదు. ఒక పూట మేం ఒకరినొకరు ఏమీ అనుకోకపోతే, ఏమైందని అక్క కంగారుపడేది.

నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. శ్రీరాంపూర్‌లో బాపు బొగ్గుబాయిలోకి దిగితే నేను ఇంట్లో రేడియోలు విప్పుకుంటూ కూర్చునేవాణ్ణి. ఆ టంకం పని కోసమే బావ నన్ను పిలిపించుకున్నాడు. రెండు గదుల కంప్యూటర్లనూ ఒక తీగతో కలిపి మాట్లాడించాలని ఆయన పట్టు. ఆ పాత యంత్రాలకు నెట్‌వర్క్ కార్డులు దొరకవు, వెనకాల ఉన్న సీరియల్ పోర్టే దిక్కు. ఒకదాని చెప్పే పిన్ను రెండోదాని వినే పిన్నుకు పోవాలి. అందుకని తీగలు అటుదిటు ఇటుదటు మార్చి టంకం పెట్టాను. ఆ తీగ మీద నెట్‌వర్క్‌ను నడిపించేదాని పేరు స్లిప్. చెప్పాల్సిందాన్ని చిన్న మూటలు కట్టి, ప్రతి మూట చివరా ఒక గుర్తు పెట్టి పంపుతుంది. రెండువైపులా వేగం ఒకటే ఉండాలి, లేకపోతే తెర మీద పిచ్చి గుర్తులే.

దాన్ని నడిపించే కమాండ్లు నాకు అక్షరం వెంట అక్షరం బట్టీ. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటాను గానీ, వాక్యం కనబడితే కళ్లు తిరుగుతాయి. నాకు తెలిసిన ఇంగ్లీషంతా లారీల వెనక రాసి ఉండేదే. ఎవరైనా ఏదైనా చదవమంటే ఒక జోకు వేసేవాణ్ణి, ఆ నవ్వుల్లో అడిగింది కొట్టుకుపోయేది.

ఒకరోజు గ్రానైట్ సేటు తన మనుషులతో వచ్చాడు. తన ఆఫీసుకూ, ఊరి బయట రాళ్లు కోసే యార్డుకూ మధ్య ఫోను తీగ మీద ఇలాంటిదే కావాలట. ఆ పని దొరికితే షాపు నిలబడుతుంది. దొరకకపోతే బావ షాపు మూసుకుని ఖానాపూర్‌లో పొలానికి పోవాల్సిందే.

"గీయన మా ఇంజనీరు" అని బావ నన్ను చూపించాడు. సేటు నమస్తే పెట్టాడు. నేను తల దించుకుని వెనక గదిలోకి పోయి కూర్చున్నాను.

అటునుంచి ఇటు, ఇటునుంచి అటు మూటలు నడిచాయి. "జవాబులొస్తున్నయ్ సేటూ!" అని బావ గోడ అవతల అరిచాడు.

"మిషినీ మిషినీ మాట్లాడుకుంటే నాకేం ఫాయిదా? మనిషిని మాట్లాడమనుర్రి" అన్నాడు సేటు. నాకు వినబడకుండా బావ చెవిలో ఒక ప్రశ్న చెప్పాడట. కంప్యూటరంటే ఇంగ్లీషే అని మా అందరి నమ్మకం, బావది కూడా. ఇంగ్లీషులో కొట్టి పంపాడు.

నా తెర మీద ఒక వాక్యం వచ్చింది. అందులో లారీ అన్న మాట ఒక్కటే పట్టుకోగలిగాను. గోడ అవతల అందరూ ఎదురుచూస్తున్నారు. ఒక్క వేలితో, లారీల వెనక చూసినట్టే, హారన్ ఓకే ప్లీజ్ అని కొట్టాను.

అవతల గది ఘొల్లుమంది. నా జీవితంలో నేను నవ్వించి సిగ్గుపడింది అదొక్కసారే.

నవ్వు ఆగాక సేటు గొంతు వినబడింది. "మీ ఇంజనీరు తమాషా చేసిండో, రాక చేసిండో నాకెర్కలే సారూ. నా యార్డు గుమాస్తాకు గూడ ఇంగ్లీషు రాదు. ఆయన గూడ గిట్లనే హారన్ కొట్టుకుంట కూసుంటే నా బండ్లేడికి పోతయ్?" కుర్చీ జరిపిన చప్పుడు.

"జర ఆగుర్రి సేటూ" అన్నాడు బావ.

తెర మీద మళ్లీ అక్షరాలు. చూడబుద్ధి కాలేదు. అయినా కూడబలుక్కున్నాను. బా... మ్మ... ర్దీ. తెలుగు! ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు. బామ్మర్దీ, లోడైన బండ్లు ఎల్లినయా?

ఎల్లలే బావా, టైరు పంచరైంది, అని నేనూ అట్లాగే కొట్టాను.

"గిది మన మాటనే గదా! గిట్లైతే మా గుమాస్తాకొస్తది" అన్నాడు సేటు. పని ఖాయమైంది.

నేను బయటికొచ్చాక సేటు నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "ఏం సదివినవ్ ఇంజనీరు సాబ్?" అన్నాడు. వెక్కిరింపేమీ లేదు, ఊరికే అడిగాడు. ఎప్పుడూ నాలుక మీదుండే జోకు ఆ పూట రాలేదు.

"ఏడు" అన్నాను.

బావ గబుక్కున లేచి, "చాయ్ తాగిపోవాలె సేటూ" అన్నాడు.

ఆ తర్వాత బావ నా ముక్కును, నా నడకను, నేను అన్నం తినే తీరును ఏదీ వదల్లేదు. ఆ హారన్ మాట మాత్రం ఒక్కనాడూ ఎత్తలేదు. అక్కకు కూడా చెప్పలేదని తర్వాత తెలిసింది. స్కూటరు మీద పోతున్నప్పుడు ఏ లారీ అయినా మా ముందుకొస్తే, వెనక కూర్చున్న నేను ఇప్పుడంటాడు, ఇప్పుడంటాడు అని కాచుకునేవాణ్ణి. బావ ఏమీ అనకుండా, హారన్ కూడా కొట్టకుండా, పక్కనుంచి దాటించేవాడు.

ఒక్కసారి అని ఉంటే నవ్వేసేవాణ్ణి.